అందరూ మానేసిన కంపెనీ

ఖఫ్జీలో మా కంపెనీ మూతపడినప్పుడు ఒక్కరి ఉద్యోగం కూడా పోలేదు. ఇరవై ఆరుమందిమీ మా అంతట మేమే మానేశాం. కాగితాల మీద సంగతి చెబుతున్నాను. ఆ కాగితాలు తయారుచేసిన ఘనుణ్ణి నేనే.

మాది చమురు బావుల దగ్గర పరంజాలు కట్టే చిన్న కంపెనీ. కట్టడం, పని అయ్యాక విప్పడం మా వృత్తి. చివరికి ఒకనాడు కంపెనీనే విప్పేశారు. ఉన్న కాంట్రాక్టు ముగిసింది, కొత్తది రాలేదు. యజమాని ముసలాయన, మాట మనిషి. ఎవరికి రావలసింది వాళ్ళకి ఇచ్చేసి, గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరితో చేతులు కలిపి, ఎడారిలో తన ఒంటెల దగ్గరికి వెళ్ళిపోయాడు. మిగిలిన కాగితాల పని నా నెత్తిన పడింది. నేనక్కడ తొమ్మిదేళ్ళుగా హెచ్ఆర్ అసిస్టెంటుని. మాది రాయచోటి పక్క పల్లె. మా ఊళ్ళో ఆ మాటని 'హెచ్చారు' అని పలికి, హోదా హెచ్చిందనుకునేవాళ్ళు. హెచ్చింది పనే.

కంపెనీ నుంచి ఎవరు వెళ్ళిపోయినా, ఎందుకు వెళ్ళాడో కారణం రాసి ప్రభుత్వ వెబ్‌సైటులో ఎక్కించాలి. ఆ జాబితా మొదలుపెట్టిన రోజే మా డ్రైవరు నా బల్ల ముందు వచ్చి నిలబడ్డాడు. అతనిదీ మా రాయచోటి వైపే.

"అన్నా, నన్ను తీసేసినారని మాత్రం రాయొద్దు. నీకు పుణ్యముంటాది."

"మరేం రాయాల?"

"మానేసినానని రాయి. మన పక్క తీసేసినారంటే ఏందో చేసొచ్చినాడు అంటారు. మానేసినాడంటే, ఇంకా మంచిది దొరికుంటాదిలే అంటారు."

"కంపెనీనే మూసేస్తాండారు కదప్పా."

"అది నీకూ నాకూ తెలుసు. రేపు ఇంకో వీసాకి పోతే ఆ కంప్యూటరుకి తెల్సా?"

అతని వెనకే వెల్డరు, వెల్డరు వెనకే స్టోర్‌కీపరు, అందరిదీ అదే పాట. మానేస్తే మానం మిగులుతుంది, తీసేస్తే అదీ తీసేసినట్టే. లెక్కలు ముందే తీరిపోయాయి గనుక ఏ మాట రాసినా ఎవరికీ నష్టం లేదనుకున్నాను. పైగా ఇంతమంది గౌరవం నా కీబోర్డు మీద ఆధారపడిందన్న ఆలోచన నాకు కాస్త కిక్కిచ్చింది. ఎక్సెల్ షీటు తెరిచి, మొదటి గడిలో 'రాజీనామా' అని రాసి, ఆ గడి మూల పట్టుకుని కిందికి లాగాను. ఇరవై ఆరు గడులూ ఒక్క ఊపున నిండాయి. ఆమోదించమని అందరి ఫోన్లకీ మెసేజీలు వెళ్ళాయి. "మెసేజ్ వస్తుంది, ఓకే నొక్కండి" అని నేనే వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ నొక్కారు. చదివి నొక్కినవాడు ఒక్కడూ లేడు. నా మీద అంత నమ్మకం.

ఆ ఇరవై ఆరో గడి మా మందూబ్‌ది.

మందూబ్ అంటే కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగి పనులు చక్కబెట్టే మనిషి. మాటలో తప్ప ఆయన దగ్గర గానీ ఆ దేశంలో గానీ మందు లేదు. మా అందరిలోనూ సౌదీ ఆయనొక్కడే. యాభై దాటినవాడు, ఖఫ్జీలోనే పుట్టి పెరిగినవాడు. చంకలో ఎప్పుడూ ఓ ఆకుపచ్చ ఫైలు ఉండేది. తొమ్మిదేళ్ళపాటు మా నివాస పత్రాలు, అంటే ఇఖామాలు, గడువు దాటకుండా తెచ్చి చేతిలో పెట్టింది ఆయనే. ఇఖామా ఉన్నన్నాళ్ళే కదా ఏ ఊరినైనా 'ఇక మాది' అనుకోగలిగేది. నన్ను 'సదీక్' అని, అంటే స్నేహితుడా అని పిలిచేవాడు. నేను 'అఖీ' అని, అన్నా అన్న అర్థంలో పిలిచేవాణ్ణి. అరబ్బీ, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ కలిపి వండిన కూటు మా ఇద్దరి భాష. ఆయన మాటల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ఆయన వింటే ఎంత చక్కగా మాట్లాడానని మురిసిపోతాడు.

అది చలికాలం, ఒక బుధవారం పొద్దున. నేను ఖాళీ ఆఫీసులో కూర్చుని పాత ఫైళ్ళు పెట్టెల్లో సర్దుతున్నాను. నాకు ఖతీఫ్‌లో వేరే కంపెనీకి బదిలీ ఖాయమైంది, ఆదివారం చేరాలి. ఆయన ఫోను చేత్తో పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"సదీక్, కంప్యూటర్లకి కూడా మతిమరుపు వస్తుందా? ఇది చూడు."

చూశాను. సౌదీ పౌరులకి తమ తప్పు లేకుండా పని పోతే, ఇంకో పని దొరికేదాకా కొన్ని నెలలు సర్కారు భృతి ఇస్తుంది. మాలాంటి పరదేశులకి అది వర్తించదు. అందుకే దాని షరతులు చదివే అవసరం నాకెప్పుడూ రాలేదు. ఆయన దానికి దరఖాస్తు పెట్టబోతే తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి. చిన్నప్పుడు మదరసాలో నేర్చుకున్న అరబ్బీ అక్షరాలు నాకు అప్పటిదాకా అంత స్పష్టంగా ఎప్పుడూ కనపడలేదు. అర్హత లేదు. పని వదిలిన కారణం: రాజీనామా.

"నేను రాజీనామా ఎప్పుడు చేశాను?" అని మళ్ళీ నవ్వాడు. "నాకు తెలియకుండా చేశానా?"

"చేశారు," అన్నాను. "నేను చేయించాను."

ఆయన నవ్వు ఆగింది. ఎక్సెల్ షీటు సంగతి, కిందికి లాగిన సంగతి, ఓకే నొక్కమన్న సంగతి అన్నీ చెప్పాను. రాజీనామా అన్న మాటలోనే నామం ఉంది. తొమ్మిదేళ్ళు నా పనులు చేసిపెట్టిన మనిషికి నేను పెట్టింది అదే. మానేసినవాడికి భృతి రాదని నాకు తెలియదని కూడా చెప్పాను.

"కానీ ఎందుకలా రాశావు?"

"గౌరవం కోసం."

"ఎవరి గౌరవం?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకుని నెమ్మదిగా చెప్పాడు. ఇంట్లో ఆరుగురు. కొత్త పని దొరకడానికి ఈ వయసులో కొన్ని నెలలు పడుతుంది. పని పోయిన విషయం తెలిసి పెద్దన్న అప్పుడే కబురు పెట్టాడట, "ఇంటి ఖర్చు నేను చూసుకుంటాను, వచ్చి తీసుకో" అని.

"మంచి మనిషే. కానీ వచ్చి తీసుకో అన్నాడు. యాభై ఏళ్ళలో నేను మా అన్న గుమ్మం ముందు చెయ్యి చాపలేదు. ఈ భృతి అయితే నా హక్కు. నా జీతంలోంచి ఇన్నేళ్ళూ కోసుకున్నదే. అది తీసుకుంటే నేనెవరికీ తలవంచక్కర్లేదు."

అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. సర్కారు వెబ్‌సైటులో మా కంపెనీ ఫైలుని గురువారం మధ్యాహ్నం శాశ్వతంగా మూసేస్తున్నారు. ఆ తరవాత మా ఖాతా తెరుచుకోదు, అక్షరం మార్చడానికి వీలుండదు. అంటే మరునాడే.

వెంటనే లాప్‌టాప్ తెరిచాను. కారణం మార్చడం రెండు నిమిషాల పని. పాస్‌వర్డు నాకు తెలుసు. కానీ ఆ తరవాత అడిగే ఓటీపీ యజమాని ఫోనుకి వెళుతుంది. ఓటీపీ అంటే మా బోటి గుమాస్తాలకి ఎప్పుడూ ఓ టోపీయే. ఫోను చేస్తే అందుబాటులో లేదంది. మళ్ళీ చేశాను, మళ్ళీ లేదంది. వానలు పడి ఎడారిలో గడ్డి మొలిచింది కదా, ఆయన హఫర్ అల్ బాతిన్ దగ్గర గుడారం వేసుకుని ఒంటెల మధ్య ఉన్నాడు.

"ఆ చోటు నాకు తెలుసు," అన్నాడు మా మందూబ్. అని వెంటనే తల అడ్డంగా ఊపాడు. "కానీ నేను రాను. మా నాన్నా ఆయనా స్నేహితులు. ఆయన గుడారానికి వెళ్ళి 'నాకు భృతి ఇప్పించు' అని అడగమంటావా? దానికన్నా మా అన్న గుమ్మమే దగ్గర."

"మీరు అడగొద్దు. దారి చూపించండి చాలు. తప్పు నాది, నేనడుగుతాను."

ఆయన కాసేపు ఫైలు అంచు గీరుతూ కూర్చున్నాడు. "నేను నోరు విప్పను," అన్నాడు.

"విప్పొద్దు."

"దారి చూపించడానికి మాత్రమే."

"దారికి మాత్రమే."

పావుగంటలో మేము రోడ్డు మీద ఉన్నాం. డ్రైవరు ఇంకా ఊరికెళ్ళే ఎగ్జిట్ తేదీ కోసం క్యాంపులోనే ఉన్నాడు, కంపెనీ పికప్పు ఇంకా అతని దగ్గరే ఉంది. సంగతి చెప్పగానే చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు.

"నా వల్లే కదన్నా ఇదంతా. మానేసినానని రాయమని మొదలుపెట్టింది నేనే."

"నువ్వు అడిగితివి. లాగింది నేను."

"ఎంత లాగినావో చూడు, హఫర్ దాకా లాగినావు!"

దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ముందు సీట్లో మా మందూబ్, వెనక నేను, నా ఒళ్ళో సద్ది మూటలా లాప్‌టాప్. దోషిని నేనే అయినా, నిజం చెప్పాలంటే నాకు చాలా హుషారుగా ఉంది. తొమ్మిదేళ్ళలో నా సాహసాలన్నీ ఫోటోకాపీ మెషీన్‌లో ఇరుక్కున్న కాగితాలు పీకడంతోనే సరిపోయాయి. ఇప్పుడు పాత పైపులైను వెంట తిన్నగా సాగే రోడ్డు, రెండు పక్కలా వాన తడికి లేతగా పచ్చబడ్డ ఇసుక, మరునాటితో ముగిసే గడువు. డ్రైవరు స్పీడు కెమెరాల దగ్గర మాత్రం సాధువులా మారిపోయి, దాటగానే మళ్ళీ పుంజుకునేవాడు.

"ముసలాయన ఇయ్యకపోతే ఏం చేస్తావన్నా?" అన్నాడు అద్దంలోంచి చూస్తూ.

"ఎందుకియ్యడు? ఆరు అంకెలు చెప్పడానికేం?"

"కఫీల్ ఫీలైతే కష్టమని నువ్వే కదా అంటావు."

ఆ మాట నేనే పుట్టించాను. కఫీల్ అంటే మా పూచీదారు, యజమాని. క్యాంపంతా పాకిన ఆ జోకు నా మీదికే తిరిగి వచ్చేసరికి కిటికీ వైపు చూశాను.

ఖైసూమా ఊరు దాటాక తారు రోడ్డు వదిలాం. యజమాని గుడారం ఎటుందో చెప్పడానికి మా మందూబ్‌కి మ్యాపు అక్కర్లేదు. "ఆ నీలం నీళ్ళ ట్యాంకు దగ్గర ఎడమకి. ఇప్పుడు ఆ గుట్టని కుడి భుజం మీద ఉంచుకో," అని మా ఇంటి వీధి చెప్పినట్టు చెబుతున్నాడు. అంతా బాగానే ఉంది గానీ, దూరంగా గుడారం కనపడగానే మా డ్రైవరుకి ఉత్సాహం ఎక్కువై అడ్డదారి పట్టాడు. పికప్పు వెనక చక్రాలు ఇసకలో సగందాకా దిగబడ్డాయి.

"గాలి తియ్యి! చక్రాల్లో గాలి తియ్యి!" అని మందూబ్ అరుస్తున్నాడు.

"బండి నీదా నాదా? నేను చూస్కుంటా!" అని తెలుగులో డ్రైవరు.

నేను లాప్‌టాప్‌ని నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో బండిని తోశాను. ఆ తోపుకి బండి కదల్లేదు, నా చెప్పు మాత్రం కదిలి ఇసకలోకి వెళ్ళిపోయింది. మందూబ్ ముగ్గురిలోకీ పెద్దవాడు, తెల్లటి పొడుగు చొక్కా అంచు నడుముకి దోపి, మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు చక్రాల గాలీ తనే తగ్గించాడు. బండి లేచింది. మేము ముగ్గురం ఇసకలో చేతులెత్తి కేకలు వేశాం. అప్పటికి నేనెందుకు వచ్చానో కూడా ఒక క్షణం మరిచిపోయాను.

యజమాని గుడారం ముందు నిలబడి మమ్మల్ని ఎప్పట్నుంచో చూస్తున్నట్టున్నాడు. "మీరు మానేసినా నన్ను మానలేదన్నమాట!" అని చేతులు చాపి ఆహ్వానించాడు. లోపల తివాచీలు, మధ్యలో నిప్పు, దాని మీద కాఫీ కూజా. కుశల ప్రశ్నలే పది నిమిషాలు నడిచాయి. మా ఊళ్ళో వానల గురించి కూడా అడిగాడు. తనే కూజా తీసి, పిడి లేని చిన్న కప్పుల్లో మాకు ఖహ్వా పోశాడు. ఆ కప్పుని ఫింజాన్ అంటారు, మూడు గుక్కలు కూడా పట్టదు. నేను మాత్రం వాచీ చూసుకుంటున్నాను. మొదటి కప్పు పూర్తవగానే ఇక ఆగలేక, లాప్‌టాప్ తెరిచి, ఉన్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. రాజీనామా తప్పు, భృతి ఆగింది, రేపే గడువు, మీ ఫోనుకి ఒక అంకె వస్తుంది, అది చెబితే చాలు.

"రాజీనామా తీసేసి, దాని బదులు ఏం రాస్తావు?"

వెబ్‌సైటులో ఉన్న మాటే చదివి వినిపించాను. "యజమాని వైపు నుంచి ఒప్పందం ముగింపు."

ముసలాయన ముఖం మారిపోయింది.

"నా వైపు నుంచా? అంటే ఇతన్ని నేను గెంటేశానని సర్కారు దగ్గర రాసిపెడతావా?"

"గెంటేశారని కాదు, కంపెనీ మూసేశారు కదా..."

"ఇతని తండ్రితో నేను ఒకే పళ్ళెంలో తిన్నాను! ఇతని పెళ్ళిలో నేను నిలబడ్డాను! నా ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ఒక్కణ్ణి వెళ్ళగొట్టలేదు. చివరి రోజున, అదీ ఇతన్ని వెళ్ళగొట్టానని నా పేరు మీద రాయించుకోవాలా? నువ్వు రాసిన మాటే బాగుంది. మానేశాడు. మర్యాదగా ఉంది."

ఎవరి మర్యాద కోసం వాళ్ళు పట్టుబడుతున్నారు, మధ్యలో ఆరుగురి ఇల్లు. రాయచోటికీ ఈ గుడారానికీ మధ్య సముద్రం ఉంది గానీ తేడా లేదు. నేను మళ్ళీ ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, ఇక ఆ మాట ముగిసిందన్నట్టు కూజా తీసుకుని రెండోసారి అందరికీ పోశాడు. నేను తాగాను. డ్రైవరు తాగాడు.

మందూబ్ తాగలేదు. కప్పు కుడిచేత్తో అందుకుని, చాలా నిదానంగా తన ముందు తివాచీ మీద పెట్టాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలవంచుకుని కూర్చున్నాడు. నోరు విప్పలేదు. ముసలాయన ఆ కప్పు వైపు చూశాడు. కూజా పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నిప్పులు చిటపటమంటున్నాయి.

నాకు ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది. పాపం, మనసు బాగోలేక తాగడం లేదనుకున్నాను. కాఫీ చల్లారిపోతోంది. ఇచ్చింది వదిలేస్తే పెట్టినవాళ్ళని అవమానించినట్టని, పారబోస్తే పాపమని మా అమ్మ నేర్పింది. ముసలాయన అసలే నొచ్చుకుని ఉన్నాడు, ఇది కూడా ఎందుకని, పరిస్థితిని చక్కదిద్దే బాధ్యత నా భుజాన వేసుకున్నాను. ముందుకి వంగి, మందూబ్ కప్పు తీసుకుని, గటగటా తాగేసి, ఇక చాలు అన్నట్టు అక్కడి పద్ధతిలో కప్పుని అటూ ఇటూ ఊపి, నవ్వుతూ ముసలాయనకి అందించాను.

మందూబ్ కళ్ళు మూసుకున్నాడు.

డ్రైవరు నా మోచెయ్యి పట్టుకుని గుంజాడు. వాడు మా కంపెనీకి రాకముందు హఫర్‌లో ఒకరి ఇంట్లో నాలుగేళ్ళు పనిచేసినవాడు. "ఓరి నాయనో! ఏం పని చేసినావన్నా!"

"ఏమయింది? చల్లారిపోతాంటేనూ..."

"అది కాఫీ కాదు సామీ, అర్జీ! వీళ్ళల్లో మనిషికి పెద్ద అవసరమొస్తే నోటితో అడగడు. కప్పు కిందపెట్టి కూర్చుంటాడు. 'నీ పనైతాది, తాగు' అని ఇంటాయన మాట ఇచ్చినాకనే తాగుతాడు. అంతవరకూ ఆ కప్పు అట్లనే ఉండాల!"

"మరి నేను..."

"నువ్వు తాగేసినావు. ఆయన అర్జీని గుటకేసినావు!"

నా జీవితంలో దరఖాస్తులు పోగొట్టాను, తప్పుగా నింపాను, తలకిందులుగా స్కాన్ చేశాను. తాగడం అదే మొదటిసారి. ఏం చేయాలో తెలియక ఖాళీ కప్పులోకి చూశాను, ఒకటి రెండు చుక్కలైనా మిగిలుంటాయేమోనని.

ముసలాయన భుజాలు కదలడం మొదలైంది. ముందు దగ్గేమో అనుకున్నాను. తరవాత కూజా కింద పెట్టి, తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, ఒంటెలు తలలెత్తి చూసేంత గట్టిగా నవ్వాడు. మందూబ్ కూడా కళ్ళు తెరిచాడు. పెదవులు బిగబట్టి ఆపుకుందామని చూశాడు గానీ ఆయన వల్ల కాలేదు.

"వినండి," అన్నాడు ముసలాయన ఊపిరి తీసుకుంటూ. "నా తాత గుడారంలో గానీ, నా తండ్రి గుడారంలో గానీ, కింద పెట్టిన కప్పు మాట ఇవ్వకుండా ఖాళీ కాలేదు. ఇవాళ నా గుడారంలో ఖాళీ అయింది. ఎవరు తాగారని లోకం అడగదు. కప్పు ఖాళీ అయిందా, మాట ఇచ్చావా, అంతే అడుగుతుంది." మందూబ్ వైపు తిరిగాడు. గొంతు తగ్గింది. "నువ్వు కప్పు పెట్టేదాకా రావలసింది కాదు. ముందే నాకు తెలియాల్సింది. ఇంట్లో అంత ఇబ్బందిగా ఉందా?"

"ఇంకా లేదు," అన్నాడు మందూబ్. "మా అన్న దగ్గరికి వెళ్ళేదాకా రాకూడదని."

ముసలాయన ఒక్క మాటే అన్నాడు. "అబ్షిర్." అంటే, నీ పని అయిపోయిందనుకో.

అయిపోలేదు. గుడారంలో ఫోనుకి సిగ్నల్ లేదు. సిగ్నల్ వెనక గుట్ట మీద వస్తుందట, అదీ బండి ఎక్కి నిలబడితేనే. అందరం పికప్పులో గుట్ట ఎక్కాం. డెబ్భై ఏళ్ళ యజమాని, ఆయన వెనక యాభై దాటిన మందూబ్, ఇద్దరూ బండి వెనక తొట్టిలో నిలబడి ఫోనుని ఆకాశానికి చూపిస్తున్నారు. నేను బండి కప్పు మీద పెట్టిన డ్రైవరు ఫోను నుంచి ఇంటర్నెట్ తీసుకుని, బానెట్ మీద లాప్‌టాప్ పెట్టి, పాస్‌వర్డు కొట్టాను.

"వచ్చిందా?"

"రాలేదు."

"వచ్చింది!"

"చెప్పండి!"

"కళ్ళద్దాలు గుడారంలో ఉన్నాయి!"

మందూబ్ ఫోను లాక్కుని అంకెలు చదివేలోపు దాని సమయం తీరిపోయింది. రెండోసారి పంపించాను. ఈసారి మందూబ్ చదివాడు, ముసలాయన దాన్ని మళ్ళీ గట్టిగా అరిచాడు, డ్రైవరు తెలుగులో నా చెవిలో చెప్పాడు. ఒకే అంకెని మూడు గొంతుల్లో విని నేను కొట్టాను. ఖాతా తెరుచుకుంది. ఇరవై ఐదు వరసల కింద ఇరవై ఆరోది. ఈసారి దేన్నీ పట్టుకుని లాగలేదు. ఆ ఒక్క గడి మీద వేలు పెట్టి, కారణం మార్చి, ముసలాయనకి చదివి వినిపించాను.

"యజమాని వైపు నుంచి," అన్నాడాయన తల ఊపుతూ. "రాయి. నేనే తీసేశాను. నా గుడారంలో నేనే ఒప్పుకుంటున్నాను."

సేవ్ నొక్కాను. మందూబ్ ఫోను మోగింది, ఆమోదించమని. డ్రైవరు తొట్టి అంచు పట్టుకుని గెంతుతున్నాడు. "నొక్కు! ఓకే నొక్కు! యల్లా!"

"ఆగు," అన్నాడు మందూబ్. "ఈసారి చదువుతాను."

మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదివాడు. మాకు మూడు రోజులు పట్టినట్టనిపించింది. చదివి, నొక్కాడు. అక్కడే నిలబడి భృతి దరఖాస్తు మళ్ళీ తెరిచాడు. పొద్దున 'అర్హత లేదు' అన్న చోట గుండ్రంగా ఏదో తిరిగింది. ఎండ పడి తెర కనపడక, నేనూ డ్రైవరూ కూడా తొట్టి ఎక్కి, నలుగురం ఆయన తలగుడ్డ కిందికి తలలు దూర్చాం.

అర్హత ఉంది. దరఖాస్తు అందింది.

నేను కేక వేశాను. డ్రైవరు నన్ను ఎత్తి దించాడు. ముసలాయన గుట్ట కిందున్న పక్క గుడారాల వైపు తిరిగి, "మబ్రూక్! తీసేశాను ఇతన్ని! తీసేశాను!" అని అభినందనలు అరుస్తున్నాడు. ఆ గుడారాల వాళ్ళు ఏం అర్థం చేసుకున్నారో గానీ అక్కణ్ణుంచి కూడా ఎవరో 'మబ్రూక్' అని తిరిగి అరిచారు. మందూబ్ ముసలాయన నుదుటి మీద ముద్దు పెట్టి, సిగ్నల్ పోకుండా ఫోనుని తల పైకెత్తి పట్టుకుని, స్పీకరు పెట్టి, అన్నకి కలిపాడు.

"అన్నా, నువ్వు చెప్పిన సాయం అక్కర్లేదు."

"ఏమైంది? పని దొరికిందా?" అంది అవతలి గొంతు.

"లేదు!" అన్నాడు మా మందూబ్, తొట్టిలో నిటారుగా నిలబడి, గాలికి ఎగురుతున్న తలగుడ్డని ఒక చేత్తో పట్టుకుని. "నన్ను తీసేశారు! కాగితం మీద రాసి ఉంది, చదవనా?"

"చదువు," అన్నాడు అన్న.